50 వేలలో గేమింగ్ పీసీ.. సీటీసీ మెట్లెక్కే ముందే తెలుసుకోవాల్సిన లెక్కలు

సికింద్రాబాద్: బన్సీలాల్‌పేట్ నుంచి పార్క్‌లేన్ పెద్ద దూరమేం కాదు. ఆటో ఎక్కితే కాసేపట్లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ముందు దిగొచ్చు. జంట నగరాల్లో కంప్యూటర్ సామాను అనగానే అందరి నోటా వచ్చే పేరు అదే, సీటీసీ. ప్రాసెసర్ నుంచి చిన్న స్క్రూ దాకా అక్కడ దొరకనిది లేదు. కానీ సామాను దొరకడం వేరు, సరైన సామాను సరైన ధరకు ఇంటికి రావడం వేరు.

బస్తీల్లో గేమింగ్ పీసీ అంటే చాలా ఇళ్లల్లో ఏడాది పొదుపు. చిట్టీ ఎత్తిన డబ్బో, పార్ట్‌టైం డెలివరీ చేసి కూడబెట్టినదో, అమ్మ దాచిపెట్టిందో అయి ఉంటుంది. పైగా ఆ ఒక్క మెషీన్ మీదే ఆట, చదువు, కోడింగ్, వీడియో ఎడిటింగ్, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసు అన్నీ నడవాలి. తప్పు కొంటే మళ్లీ కొనే స్తోమత ఉండదు. అందుకే 50 వేల రూపాయల హద్దులో ఏ భాగానికి ఎంత పెట్టాలి, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది, ఏది సెకండ్ హ్యాండ్ కొన్నా ఫర్వాలేదు అనే విషయాలు కొనేముందే తెలుసుకోవాలి.

షాపుకు పోకముందు మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఏ ఆటలు ఆడాలి? వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటలకు గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్ ముఖ్యం. చిన్న కార్డుతోనూ అవి బాగానే నడుస్తాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలకు గ్రాఫిక్స్ కార్డే ప్రాణం. జీటీఏ 6 కోసం ఇప్పుడే పీసీ కొనాలనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. రాక్‌స్టార్ ప్రకటించిన 2026 నవంబర్ 19 విడుదల తేదీ ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కన్సోళ్లకు మాత్రమే. పీసీలో ఆ ఆటకు ఏ కార్డు కావాలో తెలియకుండా దానికోసం ఇవాళ డబ్బు పెట్టడం చీకట్లో బాణం వేసినట్టే.

రెండో ప్రశ్న: మానిటర్ ఏది? ఈ బడ్జెట్‌లో 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ మానిటరే సరైన జోడీ. 1440పీ మానిటర్‌కు అంతకంటే పెద్ద కార్డు కావాలి. ఇంట్లో ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ తీగ తగిలించి మొదలుపెట్టినా తప్పులేదు. సెట్టింగ్స్‌లో 'గేమ్ మోడ్' ఉంటే ఆన్ చేసుకోవాలి, లేదంటే మౌస్ కదలిక తెర మీద ఆలస్యంగా కనిపిస్తుంది.

మూడో ప్రశ్న: ఇంట్లో ఇప్పటికే ఏముంది? పాత కంప్యూటర్‌లోని కీబోర్డు, మౌస్, హార్డ్ డిస్క్ కొత్తదానికీ పనికొస్తాయి. పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం వద్దు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఏ భాగానికి ఎంత?

కింద ఉన్నది ధరల పట్టిక కాదు. ధరలు వారం వారం మారుతున్నాయి. మానిటర్ కాకుండా 50 వేలల్లో ఏ భాగానికి ఎక్కడిదాకా పోవచ్చో చెప్పే గీత మాత్రమే.

గ్రాఫిక్స్ కార్డు: 19,000
ప్రాసెసర్: 8,500
మదర్‌బోర్డు: 6,000
ర్యామ్, 16 జీబీ: 6,500
ఎస్‌ఎస్‌డీ: 4,000
ఎస్‌ఎంపీఎస్: 3,500
కేబినెట్: 2,500

సూత్రం ఒక్కటే. ఆటల కోసం కొనే పీసీలో దాదాపు 40 శాతం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. చాలామంది చేసేది దీనికి ఉల్టా. మెరిసే లైట్ల కేబినెట్, పేరున్న ప్రాసెసర్, గాజు తలుపు అన్నీ కొనేసి చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక కార్డు పెట్టించుకుంటారు. లైట్లతో ఫ్రేములు పెరగవు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఈ గీత దాటే అవకాశం ఎక్కువ. అలా దాటితే కార్డు తగ్గించకుండా ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగడం, లేదా సెకండ్ హ్యాండ్ ర్యామ్ తీసుకోవడం మంచిది.

'ఐ7' అనగానే పడిపోవద్దు

మార్కెట్లో అందరికంటే ఎక్కువగా మోసపోయేది ఈ ఒక్క మాట దగ్గరే. "భాయ్, ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, ఇంత తక్కువకు ఎక్కడా రాదు" అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. అందులో ఉన్నది నిజంగానే ఐ7. కాకపోతే 2011లో వచ్చిన ఐ7-2600 అయి ఉంటుంది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ తరంలో హోదాలు మాత్రమే. ఏ తరం అన్నది వాటి వెనకున్న అంకె చెబుతుంది. 2022 మొదట్లో వచ్చిన 12వ తరం ఐ3-12100ఎఫ్‌లో కోర్లు నాలుగే అయినా, ఆటల్లో ఆ పాత ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సింది "ఐ7 ఆ?" అని కాదు, "పూర్తి మోడల్ నంబర్ ఏంది?" అని.

ఈ బడ్జెట్‌లో కొత్తగా కొనదగ్గవి ప్రధానంగా మూడు. ఐ3-12100ఎఫ్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఐ5-12400ఎఫ్‌లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఏఎండీ రైజెన్ 5 5600లోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. ఆటతోపాటు ఎడిటింగ్, స్ట్రీమింగ్ చేసేవాళ్లకు ఆరు కోర్లు కావాలి. ఆటలే ముఖ్యమైతే ఐ3తో మొదలుపెట్టొచ్చు. తర్వాత చేతిలో డబ్బు పడ్డప్పుడు అదే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 12, 13, 14 తరాల ఐ5 బిగించుకునే వీలుంది. బోర్డు బయోస్ అప్‌డేట్ చేయించుకుంటే చాలు.

ఇంటెల్ మోడల్ చివర 'ఎఫ్' అని ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదని అర్థం. కార్డు లేకుండా తెర మీద బొమ్మ రాదు. కార్డు పాడై సర్వీసుకు పోతే, అది తిరిగొచ్చేదాకా పీసీ మూలన పడి ఉంటుంది. ఇంట్లో చదువుకు కూడా అదే మెషీన్ అయితే, కాస్త ఎక్కువ పెట్టి 'ఎఫ్' లేనిది తీసుకోవడమే మేలు.

ఇప్పుడే కార్డు కొనే స్తోమత లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. వాలరెంట్, పాత జీటీఏ 5 లాంటివి తక్కువ సెట్టింగ్స్‌లో నడిచిపోతాయి. ఆరు నెలలకో ఏడాదికో కార్డు వేసుకోవచ్చు. దీనికి ఒక షరతు ఉంది. ర్యామ్ 8 జీబీవి రెండు కర్రలు జంటగా ఉండాలి. ఆ గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒక్క కర్రతో నడిపితే వేగం బాగా పడిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు: అసలు ఆట ఇక్కడే

కార్డులో మొదట చూడాల్సింది వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. కొత్త ఆటలకు 4 జీబీ సరిపోవడం లేదు. 1080పీలో నిశ్చింతగా ఆడాలంటే 8 జీబీ ఉండాలి. అయితే ఈ అంకె ఒక్కటే చూసినా మోసపోతారు. నెమ్మదైన పాత చిప్‌కు 8 జీబీ అతికించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

2021 అక్టోబర్‌లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 ఈ బడ్జెట్‌కు చాలాకాలంగా నమ్మకమైన పేరు. 8 జీబీ మెమరీ, 132 వాట్ల ఖర్చు. 450 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే చాలు. ఎన్‌విడియా వైపు ఆర్‌టీఎక్స్ 3050 ఉంది. దగ్గరి ధరకే వస్తే, ఆటల వేగంలో అది 6600 కంటే వెనకే. కానీ బ్లెండర్ నేర్చుకునేవాళ్లకు, మెషీన్ లెర్నింగ్ చదివే బీటెక్ పిల్లలకు ఎన్‌విడియా 'కుడా' సౌకర్యం ఉపయోగపడుతుంది. ఆ పని నిజంగా ఉంటేనే ఆ తేడాకు విలువ.

3050 కొనేటప్పుడు ఒక మెలిక గమనించాలి. ఒకే పేరుతో రెండు రకాల కార్డులున్నాయి. 2022లో వచ్చింది 8 జీబీ కార్డు. 2024లో వచ్చిన 6 జీబీ కార్డు మెమరీలోనే కాదు, వేగంలోనూ తక్కువ. అయితే దానికి 70 వాట్లే కావాలి, విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. అందుకే పాత ఆఫీసు కంప్యూటర్లలో వేసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. 8 జీబీ ధరకు 6 జీబీ అంటగడితే మాత్రం ఊరుకోవద్దు.

బడ్జెట్ కాస్త సాగేవాళ్లు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050, 5060 చూడొచ్చు. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ ఆకర్షణీయమే. కానీ దానికి బోర్డులో 'రీసైజబుల్ బార్' సౌకర్యం ఉండాలి. పాత ప్రాసెసర్‌కు జతచేస్తే దాని పూర్తి సత్తా బయటకు రాదు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి మాత్రం దూరంగా ఉండటమే మంచిది. దాంట్లో 4 జీబీ మెమరీయే. బోర్డుతో మాట్లాడే దారులు కూడా నాలుగే. పీసీఐఈ 3.0 బోర్డులో, అంటే ఏ520, బీ450 లాంటి వాటిలో వేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవాళ్లకు అవసరమైన వీడియో ఎన్‌కోడర్ కూడా అందులో లేదు.

ర్యామ్ ధర ఎందుకిలా పెరిగింది?

అంతకుముందు గేమింగ్ పీసీలో చవకైన భాగాల్లో ర్యామ్ ఒకటి. 2025 చివరి నెలల నుంచి కథ మారింది. ధర రెట్టింపై, అక్కడితోనూ ఆగలేదు. దీనికి సీటీసీ దుకాణదారులను తిట్టి లాభం లేదు. ప్రపంచంలో మెమరీ చిప్‌లు చేసే పెద్ద కంపెనీలు ప్రధానంగా మూడే. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన ఖరీదైన మెమరీకి గిరాకీ పెరగడంతో ఆ కంపెనీలు అటువైపు మొగ్గాయి. మామూలు పీసీలకు వచ్చే సరుకు తగ్గింది. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్, మామూలు కొనుగోలుదారుల కోసం నడిపిన 'క్రూషియల్' వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఇప్పటికే కొన్నవాటికి వారంటీ మాత్రం కొనసాగుతుందని చెప్పింది.

బడ్జెట్ బిల్డ్‌కు ఇందులో పాఠం ఏంటంటే, డీడీఆర్ 5 మోజు పక్కన పెట్టి డీడీఆర్ 4 బోర్డు తీసుకుంటే మేలు. ఎందుకంటే డీడీఆర్ 4 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో విరివిగా ఉంది. తిరిగే, అరిగే భాగాలేవీ లేని ర్యామ్, సెకండ్ హ్యాండ్ కొనడానికి అన్నిటికంటే భద్రమైన సామాను. మెమ్‌టెస్ట్ 86 ఒక రౌండ్ తిప్పితే బాగుందో లేదో తేలిపోతుంది. డీడీఆర్ 4, డీడీఆర్ 5 ఒకదాని చోట ఒకటి పట్టవు. గాటు స్థానమే వేరు. పాత పీసీ నుంచి ర్యామ్ తెచ్చుకునేవాళ్లు బోర్డు కొనేముందే ఇది చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీకి తగ్గొద్దు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది. 256 జీబీ తీసుకుంటే విండోస్ పోను ఒక్క ఆటకే ఇల్లు నిండిపోతుంది. ఆడని ఆటలు, సినిమాలు, ఫొటోలు పెట్టుకోవడానికి పాత హార్డ్ డిస్క్ ఉండనే ఉంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం పనికిరాదు

అన్ని భాగాలకూ కరెంటు పంచే డబ్బా ఎస్‌ఎంపీఎస్. ఇది చెడిపోతే ఒక్కటే పోదు, పోతూ పోతూ కార్డును, బోర్డును కూడా వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద '500 వాట్స్' అని రాసి ఉన్నా దాన్ని నమ్మొద్దు. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా అనిపించేది లోపల కూడా తేలికే. పేరున్న కంపెనీది, '80 ప్లస్' ముద్ర ఉన్నది, 450 నుంచి 550 వాట్లది తీసుకోవాలి. వైట్ ముద్ర ఉంటే సరే, బ్రాంజ్ అయితే ఇంకా మంచిది. ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో అడగాలి. మూడేళ్లకు తక్కువైతే పక్క షాపు చూసుకోవాలి.

మదర్‌బోర్డులో ఈ బడ్జెట్‌కు ఇంటెల్‌కైతే హెచ్610, ఏఎండీకైతే ఏ520 లేదా బీ550 చాలు. బీ450 కొంటే రైజెన్ 5000 సిరీస్‌కు తగ్గట్టు బయోస్ అప్‌డేట్ అయిందా అని షాపులోనే ఆన్ చేయించి చూడాలి. ఇంటికి తెచ్చాక బోర్డు ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోతే మళ్లీ పార్క్‌లేన్ దాకా తిరగాల్సిందే.

కేబినెట్‌కు ముందుభాగంలో జాలీ ఉండాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. ఏసీ లేని చిన్న గదిలో ముందు గాజు పలక ఉన్న కేబినెట్ పెడితే లోపల ఉక్కపోతే. ముందు నుంచి గాలి లోపలికి తోసే ఫ్యాన్ ఒకటి, వెనక వేడి బయటకు లాగే ఫ్యాన్ ఒకటి, దుమ్ము ఆపే జల్లెడ ఒకటి ఉంటే చాలు. నెలకోసారి దుమ్ము దులిపితే ఆయుష్షు పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్: ఏది కొనాలి, ఏది వద్దు

కొత్తవాటికి డబ్బు చాలనివాళ్లకు సెకండ్ హ్యాండ్ బజారు పెద్ద ఆసరా. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ 8వ తరం, ఆ పైవి కావాలి. ఈ తేడా తెలియక 4వ తరం, 6వ తరం ఆఫీసు కంప్యూటర్లు చవగ్గా వచ్చాయని కొంటే రేపు చిక్కే. వాలరెంట్ విండోస్ 11 మీద ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. పాత బోర్డుల్లో ఈ సౌకర్యం లేకపోతే ఆట తెరుచుకోనే తెరుచుకోదు.

8వ తరం ఐ5-8500 లాంటి ఆరు కోర్ల ఆఫీసు డెస్క్‌టాప్ మంచి స్థితిలో దొరికితే, దానికి కరెంటు తీగ అక్కర్లేని చిన్న కార్డు వేసుకుని సగం బడ్జెట్‌లోనే ఆటలు మొదలుపెట్టొచ్చు. అయితే డబ్బా సైజు ముందే చూడాలి. సన్నటి మోడళ్లలో సగం ఎత్తు కార్డులే పడతాయి. పెద్ద కంపెనీల ఆఫీసు మెషీన్లలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు వాళ్ల సొంత రకంవి ఉంటాయి. తర్వాత బయటి ఎస్‌ఎంపీఎస్ మార్చుదామంటే కుదరకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్డుల దగ్గర కళ్లు పెద్దవి చేసుకోవాలి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో ఆ నాణెం తవ్వకం ఆగిపోయింది. రాత్రింబవళ్లు అందులో నడిచిన కార్డులు కుప్పలుగా బజారుకు వచ్చాయి. మైనింగ్‌లో వాడిన కార్డు అనగానే చెడ్డదని కాదు. కానీ ఫ్యాన్లు అరిగి, థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. ఆ మేరకు ధర తగ్గాలి.

'ఆర్‌ఎక్స్ 580 8 జీబీ' అని చవగ్గా అమ్మే కొన్ని కార్డులు నిజానికి '2048ఎస్‌పీ' రకం. అసలు 580లో 2304 షేడర్లు ఉంటాయి. 2048 ఉన్నది పేరుకే 580, లోపలిది 570. ఇంకొన్ని నకిలీ కార్డులు పదేళ్లు దాటిన పాత చిప్‌కు బయోస్ మార్చి కొత్త పేరు తగిలించినవి. జీపీయూ-జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా నకిలీలను పట్టేసి, పేరు ముందు 'ఫేక్' అని చూపిస్తుంది. పెన్ డ్రైవ్‌లో దీన్ని వేసుకుని పోతే రెండు నిమిషాల పని.

జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1070 లాంటి పాత ఎన్‌విడియా కార్డుల విషయం కూడా తెలుసుకోవాలి. కొత్త ఆటలకు తగ్గట్టు వచ్చే డ్రైవర్లు వాటికి 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. ఇక భద్రతా అప్‌డేట్లే వస్తాయి. ఉన్న ఆటలు ఆడుకోవచ్చు. కానీ ఇవాళ డబ్బు పెట్టి కొనడానికి మాత్రం ఆలోచించాలి.

ఏ కార్డయినా కొనేముందు ఫర్‌మార్క్ 15 నిమిషాలు నడిపించమని అడగాలి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, పీసీ ఆగిపోయినా, ఫ్యాన్ గరగరమన్నా వదిలేయాలి. "ఇంటికి తీసుకుపోయి చూసుకో భాయ్, ఏం కాదు" అనే చోట కొనకపోవడమే మేలు. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూడాలి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ అస్సలు వద్దు.

బిల్లు లేకపోతే వారంటీ లేదు

కంప్యూటర్ భాగాలపై జీఎస్టీ 18 శాతం. పన్ను కాకుండా 20,000 ఉన్న కార్డు, బిల్లుతో 23,600 అవుతుంది. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అన్న మాట వినగానే 3,600 మిగిలిందని సంబరపడతారు. ఏడాది తర్వాత కార్డు పోతే సర్వీస్ సెంటర్‌లో అడిగేది ఆ బిల్లే. మూడేళ్ల వారంటీ ఉన్న సామానును ఆ కాస్త డబ్బుకు వదులుకున్నట్టే లెక్క.

బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబర్ ఉండాలి. డబ్బా మీది నంబర్, సామాను మీది నంబర్, బిల్లు మీది నంబర్ మూడూ కలవాలి. డబ్బాలు పారేయొద్దు. 'ట్రే' ప్రాసెసర్ అంటే డబ్బా, కూలర్ లేకుండా విడిగా వచ్చేది. ధర తక్కువే. కానీ కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ దానికి ఉండదు. షాపు అతను ఇచ్చే హామీయే దిక్కు. ఎన్నాళ్లు ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోవాలి.

బేరం విషయానికొస్తే, మొదటి షాపులోనే కొనొద్దు. పూర్తి మోడల్ పేర్లతో చీటీ రాసుకుని మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోవాలి. అదే రోజు ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూసుకోవాలి. '16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ' అని మాత్రమే రాసిన కొటేషన్‌కు విలువ లేదు. కంపెనీ, మోడల్, వేగం రాయాలి. అన్నీ ఒకేచోట కొంటే బిగించే ఖర్చు మాఫీ చేయమని అడగొచ్చు. కళ్ల ముందే బిగించి, ఆన్ చేసి, బయోస్‌లో ర్యామ్ ఎక్స్‌ఎంపీ పెట్టించి, ఒక ఆటో పరీక్షో నడిపించాకే డబ్బు పూర్తిగా ఇవ్వాలి.

కరెంటు మీటరు కూడా చూడాలి

ఈ లెక్క చాలామంది వేయరు. ఆట ఆడుతున్నప్పుడు ఇలాంటి పీసీ, మానిటర్ కలిపి సుమారు 250 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు నాలుగు గంటలకు ఒక యూనిట్. నెలకు 30 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంట్లో, ఇప్పటికే 175, 180 వాడుతుంటే ఈ 30 యూనిట్లు గీత దాటించేస్తాయి. 200 దాటిన నెలలో జీరో బిల్లు రాదు. కూలర్ నడిచే ఎండాకాలంలో ఇది ఇంకా తేలిగ్గా దాటుతుంది. పీసీ కొనేముందు పోయిన ఏడాది ఏప్రిల్, మే బిల్లులు ఒకసారి తీసి చూసుకోవాలి. ఆటలో 'ఫ్రేమ్ లిమిట్' 60కి పెట్టుకుంటే కార్డు మీద భారం, కరెంటు ఖర్చు, వేడి మూడూ తగ్గుతాయి.

యూపీఎస్ కొంటే దాని మీద రాసే వీఏ అంకె వాట్లు కాదని గుర్తుంచుకోవాలి. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే. సేవ్ చేసుకుని ఆఫ్ చేయడానికే గానీ, కరెంటు పోయాక ఆట కొనసాగించడానికి కాదు. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లల్లో యూపీఎస్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్ పాయింట్ చూపించడం ముఖ్యం. కేబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతుందంటే తప్పు పీసీది కాకపోవచ్చు, గోడది కావచ్చు.

ఇంట్లోవాళ్లతో మాట

గేమింగ్ అనగానే చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్, అప్పులు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా అదే పని చేసింది, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం విడిగా గుర్తింపు ఇచ్చింది. డబ్బు పందెం ఆట వేరు, మామూలు వీడియో గేమ్ వేరు అని అబ్బాజాన్‌కో నాన్నకో కూర్చోబెట్టి చెప్పడం పిల్లల బాధ్యత. ఏ ఆటలు ఆడుతున్నారో, ఆటలోపల 'స్కిన్స్' పేరుతో ఎంత ఖర్చవుతోందో అడగడం పెద్దల బాధ్యత. ఫోన్‌లోని యూపీఐ పిన్ పిల్లలకు తెలియకుండా ఉండటం ఇద్దరికీ మంచిది.

ఈఎంఐ మీద కొనాలనుకునేవాళ్లు 'నో కాస్ట్' అన్న మాట పక్కన ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చదవాలి. అప్పు చేసి పెద్ద కార్డు కొనడం కంటే, ఉన్న డబ్బుతో మంచి ఎస్‌ఎంపీఎస్, మంచి బోర్డు కొని, కార్డు చిన్నదే పెట్టుకోవడం తెలివైన పని. కార్డు రేపు మార్చుకోవచ్చు. పునాది గట్టిగా ఉంటే ఆ పీసీ ఐదారేళ్లు ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

కొనేరోజు జేబులో ఉండాల్సిన చీటీ

ఏడు భాగాల పూర్తి మోడల్ పేర్లు, ఒక్కోదానికి దాటకూడని ధర. జీపీయూ-జీ, ఫర్‌మార్క్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఉన్న పెన్ డ్రైవ్. మూడు షాపుల కొటేషన్లు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్లు. తోడుగా ఒక స్నేహితుడు. షాపులో "ఇది స్టాక్ లేదు, దీనికంటే మంచిది ఇస్తా" అంటే అక్కడికక్కడే ఒప్పుకోవద్దు. బయటకు వచ్చి, ఒక చాయ్ తాగి, ఆ మోడల్ పేరు ఫోన్‌లో చూసుకుని మళ్లీ లోపలికి పోవాలి. సీటీసీ ఎక్కడికీ పోదు. చేతిలోంచి జారిన డబ్బే తిరిగి రాదు.